ఎస్తేరమ్మ కసిరిన ఫోటో

గూడూరు, ఆదివారం

ఇందిరమ్మకు తాత దీవెనలు. మీ అవ్వ నా ముక్కుపొడి డబ్బాలో గుండీలు పోసి పెట్టింది, పొద్దున్నించి ఒక్క తుమ్ము లేదు. మిగతాదంతా బాగుంది.

నా స్టూడియో మూసేసినాక, సత్రంలో ఉండే ఇల్లూవాకిలీ లేనోళ్లకి ఫోటోలు తీయడం నేర్పిస్తున్నా కదా. వాళ్లలో ఎస్తేరమ్మ చెయ్యి మంచిది. గాలివానకి గుడిసె పోయి ఏండ్ల తరబడి స్టేషన్లో పడుకున్న మనిషి. అందరూ "లెయ్, పో" అని తరిమినోళ్లే గనక, ఎదుటోళ్లని "గడ్డం ఎత్తండి" అనడానికి ఆమెకి నోరు రాదు.

నిన్న కొత్త స్టూడియో రంగనాయకులు, ఒక ఫోటో సరిగ్గా తీస్తే ఆమెకి పని ఇస్తానన్నాడు. నేనూ తోడు పోయినా. కుర్చీలో కూర్చున్నది బియ్యం మిల్లు ఆసామి. ఒకటే మెలికలు తిరగతన్నాడు. ఈమె కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటపెట్టడం, ఏమీ అనలేక మళ్లీ దూరడం. చివరికి "ఏందయ్యా ఆ కదలడం! గడ్డం ఎత్తి గమ్మున కూర్చో!" అని అరిచింది. ఆసామి బిగుసుకుపోయినాడు. సాయంత్రం కడిగి చూస్తే ఫోటో అద్దంలా ఉంది. రేపట్నించి ఆమె పనిలోకి పోతుంది.

నీ పాత నల్ల పరికిణీ ఉంటే పంపు, సత్రం కెమెరా గుడ్డ చిరిగింది. మీ అత్తకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? నీ మొగుడి గురకకి పక్కింటోళ్లు ఇంకా ఇల్లు మారలేదా? పిల్లాపాపలతో చల్లగా ఉండండి.

ఎవరికీ చెప్పబాక. ఆ కుర్చీ మెత్త కింద బెల్లప్పొడి చల్లి చీమల్ని పిలిచింది నేనే.

మీ తాత హజరత్తయ్య