కిరణ్ వంతు

నరసాపురం,
12 నవంబరు 1998

అక్కా,

నీ చెల్లెలు సువార్తమ్మ వందనాలు. నీ మనవడు కిరణ్ మూడో పుట్టినరోజు ప్రార్థనకు పిలుస్తూ, "క్రిస్టినాను మాత్రం ఇంట్లో వదిలి రా" అని రాశావు. పిల్లలంతా వరసగా లేచి బైబిలు వాక్యాలు చెప్పేటప్పుడు నా కూతురు తడబడితే నలుగురిలో బాగుండదన్నావు. ఆ కోపంతో లేసు అల్లడానికి కూర్చుంటే ఒక్క పువ్వూ సరిగ్గా కుదరలేదు.

మొన్న క్రిస్టినాను రాజమండ్రిలో డాక్టరు గారికి చూపించాం. "డెవలప్‌మెంటల్ డిసెబిలిటీ" అన్నారు. అదేమిటండీ అని అడిగాను. ఆయనే విడమరిచి చెప్పారు. "ఎదుగుదలలో వచ్చే వైకల్యం అండి. జబ్బు కాదు, పిచ్చి అసలే కాదు. చిన్నతనంలోనే మొదలవుతుంది, జీవితాంతం ఉంటుంది. ఒకరికి నడక కష్టం, ఒకరికి మాట, ఒకరికి చదువు. ఇలాంటివాటన్నిటికీ కలిపి పెట్టిన పేరు ఇది. మీ అమ్మాయి నేర్చుకుంటుందండి, నిదానంగా." ఇంటికొచ్చి ఆ పేరు పక్కింటి లోవమ్మకు చెప్పడం నా బుద్ధితక్కువే. అంత పెద్ద పేరు విని, అంటుకుంటుందేమోనని తన పిల్లల్ని లోపలికి లాక్కుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్కా, దాన్ని దాచి నేనెక్కడికీ రాను. దానికి చిన్న వాక్యం ఒకటి వచ్చు. అది చెప్పడానికి చోటు లేని ఇంట్లో నాకూ పని లేదు. అక్కనని బతిమాలకు.

సువార్తమ్మ


కడియం,
17 నవంబరు 1998

సువార్తా,

నీ కోపం న్యాయమే. కానీ నేను సిగ్గుపడింది క్రిస్టినాను చూసి కాదే. మూడేళ్ళు నిండుతున్నా కిరణ్ "అమ్మా" అని కూడా అనడు. పిలిస్తే తిరిగి చూడడు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమట కదా అత్తయ్యగారూ" అని కోడలు అంటే, అవునవునని నేనూ తల ఊపుతున్నాను. క్రిస్టినా లేచి నిలబడితే అందరి చూపూ దాని మీంచి వాడి మీదకు మళ్ళుతుందని భయపడ్డాను. నా మనవణ్ణి కాపాడుకోవాలని నీ బిడ్డను రావద్దన్నాను.

నీ ఉత్తరం కోడలికి చదివి వినిపించాను. ఉత్తరం తీసుకుని తనే మళ్ళీ చదువుకుంది. తర్వాత "ఆ డాక్టరు గారు బాబును చూస్తారా అండి?" అంది. తనకెప్పుడో అనుమానం వచ్చిందట, నేను కుంగిపోతానని పైకి చెప్పలేదట. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే బాధను దాచుకుని తిరిగాం.

క్రిస్టినాను తీసుకుని ఒకరోజు ముందే రా. వాక్యాలు దానితోనే మొదలుపెడదాం. కిరణ్ వంతు రాగానే వాణ్ణి ఎత్తుకుని నేను లేస్తాను. వాడేమీ పలకడు. అందరం ఆమేన్ అందాం.

నీ రత్తమ్మక్క