ఉయ్యాల కట్టిన చెట్టు మనది కాదు

ఏమండీ,

ఇల్లు అమ్మే ఆయన ఫోన్ చేసి సంతకానికి రమ్మంటే నాకు ఒంట్లో బాగాలేదని చెప్పండి. నేను వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. పాపకి వంట చేసి పెట్టాను, వేడి చేసి పెట్టండి.

నిన్న మీరిద్దరూ బజారుకి వెళ్ళాక ఆ ఇంటి దగ్గర సర్వేయర్‌తో హద్దులు కొలిపించాను. హద్దు రాయి కంచె దగ్గర లేదు, పొదల్లో బావికి ఇవతలే ఉంది. ప్లానులోనూ అంతే. బావీ, ఆ పెద్ద చెట్టూ పక్కింటి పెద్దావిడవి. మీరు సంబరంగా ఉన్నారని రాత్రి చెప్పబుద్ధి కాలేదు.

మన భాష కాని దేశంలో కొంటున్నాం, ముందు రాళ్ళు చూడండి అని మొత్తుకున్నాను. మీరు కొమ్మలు చూస్తూ తిరిగారు. ఇల్లు మనది కాకముందే ఉయ్యాల కట్టేశారు. పోట్లాడే ఓపిక కూడా లేదు నాకు.

ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. ఆ ఇంటికి నీళ్ళు ఆ బావి నుంచే కదా, తోడుకోనిస్తానని రాసిస్తే కొందాం, లేకపోతే ఈ ఇల్లు వద్దు.

మరిచాను, గాభరాపడి వెళ్ళి ఉయ్యాల విప్పేయకండి. నిన్న సర్వేయర్ వెళ్ళాక నేనూ కాసేపు ఊగాను. ముందు దాని సంగతే అడుగుతాను.