కళ్లు మూసుకుని నడిచిన అక్క

అమ్మా, ముగ్గురం క్షేమం. అక్క ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నిన్న విమాన విన్యాసాల పోటీకి ముందు అక్క మైదానంలో కళ్లు మూసుకుని, అరచేతిని విమానంలా వంచుతూ, గిర్రున తిరుగుతూ నడుస్తోంది. కళ్లు తిరిగాయనుకుని నాన్న పరిగెత్తి అమాంతం పట్టుకున్నాడు. "వదులు నాన్నా, పరువు పోతోంది! పైన కొట్టే పల్టీలు ముందు కింద ఇలా సరిచూసుకుంటాం" అంది. చూస్తే పైలట్లంతా అలాగే తిరుగుతున్నారు.

అక్క విమానం పైకి లేచాక నాన్న భయంతో తలెత్తలేదు. "ఒరేయ్, ఇప్పుడు తలకిందులుగా ఉందా, తిన్నగా ఉందా?" అని నన్నే అడిగాడు. పక్కవాళ్లకి మాత్రం అడక్కుండానే "మా అమ్మాయే" అని చెప్పాడు. ఇలాంటివన్నీ డబ్బున్నవాళ్ల జల్సా అని నేను చదివిన విప్లవ కరపత్రాలన్నీ అంటాయి. అది అక్క మొహం మీదే అనేద్దామని వచ్చాను. తీరా అక్క పల్టీ కొట్టినప్పుడల్లా ఈలలేసి, అరిచి అరిచి నా గొంతే పోయింది. నాకేమీ అర్థం కావడం లేదమ్మా.

నాన్న బీపీ మాత్రలు పంపు. కుళాయి బాగుచేయించావా? నా కరపత్రాల కట్ట పాత కాగితాలవాడికి వెయ్యకు.

అక్క దిగగానే నాన్న "ఇక చాలు, ఇంటికి పద" అన్నాడు. అదే నోటితో ఫైనల్ ఎప్పుడని అడిగాడు. చివరికి "మీ అమ్మ ఎలా అంటే అలా" అని నీ మీదకి నెట్టేశాడు. నాకు ఒళ్లు మండి "ఎగిరేది అక్క, మధ్యలో మీ అనుమతేంటి?" అన్నాను. అక్కే నన్ను నోర్ముయ్యమంది.

ఫైనల్ ఆదివారం. సరేనంటే ఒక్క ముక్క రాయి. వద్దనాలనిపిస్తే మాత్రం రాయకు. శనివారం సాధన ఉంది, బస్సెక్కి వచ్చి, తలెత్తి ఒక్కసారి చూసి, అప్పుడను.

నానమ్మకి దండాలు.

నీ చిన్నోడు