చూడవద్దన్న గది

ప్రియమైన చిన్నోడికి,

ఫోన్లో నువ్వు అరుస్తావు, నన్ను చెప్పనివ్వవు. అందుకే మెయిల్ రాస్తున్నాను. "ఇంట్లో పోలీసును పెట్టుకుని నేనే దొంగనయ్యానా అక్కా?" అన్నావు. ముందు నవ్వొచ్చింది, తరువాత బాధ కలిగింది.

ఆసుపత్రిలో రక్తం నిల్వచేసే ఫ్రిజ్‌లు వేడెక్కితే హెచ్చరించే నీ ప్రోగ్రామును మా కంపెనీ యాంటీవైరస్ వైరస్‌గా భావించి పట్టుకుంది. కారణం దొరికింది. ఎవరూ కాపీ కొట్టకుండా నువ్వు దాన్ని ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చుట్టి తాళం వేశావు. వైరస్‌లు రాసేవాళ్లూ అదే తొడుగు వాడతారు. మాది ముసుగు చూసి మనిషిని పట్టుకుంది. విప్పి, ప్రతి వరుసా చదివాను; లోపల తప్పేమీ లేదు. అయితే సొంత తమ్ముడి ప్రోగ్రామును నేనే మంచిదని తేల్చకూడదు, మరొకరు పరీక్షించాలి. రెండు రోజులు ఓపిక పట్టు. ఈలోగా నీ ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయించమని మాత్రం ఎవరికీ చెప్పకు. ఈ గదిలోకి చూడవద్దని కాపలావాడికి చెబితే, ఆ మాట దొంగ చెవినా పడుతుంది.

నీ మంచి కోరే
అక్క

*

చిన్నోడా,

నీ ప్రోగ్రాము నిర్దోషి అని ఈ ఉదయం తేలింది. సంతోషించే వ్యవధి లేకపోయింది. నా మాట అందేలోపే నువ్వు మినహాయింపు చేయించిన ఫోల్డరులో అసలైన వైరస్ చేరి, ఆసుపత్రి కంప్యూటరును స్తంభింపజేసింది. అక్కడి రక్తం ఫ్రిజ్ తలుపు సరిగా పడదని నువ్వే చెప్పేవాడివి. మళ్లీ పడలేదు, హెచ్చరిక మోగలేదు. ఉన్న రక్తమంతా పారబోశారు. కాన్పుకొచ్చిన ఒకామెకు మరోచోటి నుంచి రక్తం తెచ్చేసరికి ఆలస్యమైంది. బిడ్డ మాత్రం దక్కింది.

"నివేదికలో ఫోల్డరు సంగతి రాయకక్కా, మునిగిపోతాను" అన్నావు. రాశాను. విచారణ రోజున నీ పక్కనే కూర్చుంటాను. ఇప్పుడు ఒక్కటి చెప్పు: ఇదే సలహా ఇంకెవరికి ఇచ్చావు?

అక్క

*

అక్కా,

ఇంకో మూడు ఆసుపత్రులకు. తిట్టినా పడి, జరిగింది దాచకుండా చెప్పాను. రెండు చోట్ల నేను లైనులో ఉండగానే మినహాయింపు తీసేశారు. మూడోచోట ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. అప్పట్లో మినహాయింపు పెట్టమంటే అక్కడి టెక్నీషియన్ మొదట ఒప్పుకోలేదు. "ఆ యాంటీవైరస్ కంపెనీలో మా అక్కే ఉంది, భయమెందుకన్నా" అన్నాను. అతను నమ్మింది నన్ను కాదు, నిన్ను.

అక్కడికే బస్సెక్కాను. చేరగానే ముందు వాళ్ల ఫ్రిజ్ తలుపు పడిందో లేదో చేత్తో తోసి చూస్తాను.

నీ చిన్నోడు