తెంపేసిన దారాలు

మంగళవారం రాత్రి, ఖిదిర్‌పూర్

నేను చెప్పింది చెప్పినట్టే రాయమని పక్కింటి రూతుతో అన్నాను. చేపను చంపిన పాపం నా ఒక్కదానిదే కాదు.

మా ఆయన పోయాక ఆయన ఉప్పునీళ్ల తొట్టి, అందులో పగడాలు, ఒక చేపల జంట నాకు మిగిలాయి. పగడాలకు ఎర్ర పాచి పట్టింది. చేపల దుకాణం బెంగాలీ దాదా మందిచ్చి, "బొగ్గు ఫిల్టర్ ఆపాలి మాషీ, లేకపోతే మందును అదే తాగేస్తుంది. గాలి మోటారు మాత్రం ఆపొద్దు" అన్నాడు.

నాకు అక్షరం రాదని మా ఆయన బొగ్గు స్విచ్చికి ఎర్రదారం, గాలి స్విచ్చికి పచ్చదారం కట్టాడు. గోడలకు రంగు వేయిస్తూ కొడుకు వాటిని తెంపేశాడు. నేను మందు వేసి, గుర్తున్నంతలో ఒక స్విచ్చి నొక్కాను. గాలి ఆగిపోయింది. పొద్దున ఒక చేప తేలింది. పాచి అలాగే ఉంది.

టికియాపారా నుంచి కొడుకు వచ్చాడు.

"నీకీ తొట్టి ఏటికే అమ్మా? ఎవులికైనా ఇచ్చీద్దాం."

"దారాలు తెంపినోడివి నువ్వు కాదేట్రా?"

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తొట్టి గడప దాటదు. మిగిలిన చేప నన్ను చూస్తే అద్దం దగ్గరికి వస్తుంది. రేపు మళ్లీ మందు వేస్తాను. చీర అంచు నుంచి పచ్చపోగు లాగి గాలి స్విచ్చికి కట్టాను. మా ఆయన ఓడల్లో నేర్చిన ముడి నాకు రాదు. రెండుసార్లు ఊడిపోయింది...