టర్బో బండికి నేను పోసిన ఆయిల్

తెనాలి నందివెలుగు రోడ్డులో కార్ల షెడ్డు నడుపుతున్న మేకల దేవదానం అను నేను, అరవై ఆరేళ్ల వయసులో, తెలివి చక్కగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఎల్లుండి గుంటూరులో నా గుండెకు ఆపరేషన్. లేచి వస్తానో రానో దేవుడికి తెలుసు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఒక్కగానొక్క కూతురు రిబ్కాది.

1. నా స్వార్జితమైన ఇల్లు, బ్యాంకులో ఉన్నది, వాళ్లమ్మ వాడిన కుట్టుమిషను రిబ్కా సర్వహక్కులతో అనుభవించవలసినది. కుట్టుమిషను మాత్రం అమ్మకమ్మా.

2. మా బావమరిది ప్రభుదాస్ పదేళ్ల క్రితం తీసుకెళ్లిన జాకీని ఇక ఎవరూ అడగవద్దు. అది అతనిదే. ఇన్నాళ్లూ మొహం చాటేసింది చాలు, ఇకనైనా ఇంటికి రమ్మనండి.

3. 2009 నాటి నా టర్బో డీజిల్ కారు రిబ్కాకే. రోజూ బాపట్ల బడిలో పాఠాలు చెప్పడానికి అందులోనే వెళ్తోంది కనుక ఒక షరతు. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన సింథటిక్ ఆయిలే పోయాలి, ఫైవ్ డబ్ల్యూ ఫార్టీ. ‘బండి పాతబడింది, చిక్కటి ఆయిల్ పొయ్యండి’ అనే మెకానిక్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకు. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోలో చిన్న ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. స్టార్ట్ చేయగానే దానికి ఆయిల్ అందాలి. చిక్కటిది ఆలస్యంగా చేరుతుంది. నాసిరకమైతే ఆ వేడికి మాడి మసవుతుంది. దూరం వెళ్లొచ్చాక ఒక నిమిషం ఇంజన్‌ను ఆడనిచ్చి అప్పుడు ఆపు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియదు.

4. 2016లో ఈ కారు బాపట్ల హెడ్‌మాస్టరు కట్టా మనోహర్ గారిది. అప్పట్లో షెడ్డులో నాతో సమానంగా పనిచేసినవాడు కొక్కిలిగడ్డ అంకయ్య. రేపల్లె వైపు పడవ ఇంజన్లు బాగుచేస్తూ పెరిగి, నా దగ్గరకు వచ్చి అప్పటికి పదకొండేళ్లు. ఆ రోజు సరైన ఆయిల్ షెడ్డులో లేదు.

“అన్నా, ఇది టర్బో బండి. సాయంత్రానికల్లా గుంటూరు నుంచి తెప్పిస్తా, ఆగుదాం,” అన్నాడు అంకయ్య.

“నాకు చెప్పొచ్చావా? పాత బండికి చిక్కటిదే మేలు,” అని డ్రమ్ములో ఉన్నది నేనే పోశాను. మనోహర్ గారు బయట కూర్చుని ఉన్నారు. నా షెడ్డులో ఆయిల్ లేదని చెప్పడం నామోషీ అనిపించింది.

మూడు నెలలకు ఆయన, భార్య సుశీల గారు రేపల్లెలో పెళ్లికి వెళ్లి వస్తుండగా టర్బో పోయింది. అందులోంచి కారిన ఆయిల్‌ను ఇంజన్ లోపలికి లాక్కుని, దాన్నే మండించుకుంటూ రంకెలు వేసింది. తాళం తీసేసినా ఆగలేదు. పొగ కమ్మేసింది. కారు ఇంకా కదులుతుండగానే సుశీల గారు తలుపు తీసి దూకేశారు. తుంటి ఎముక విరిగింది. ఈనాటికీ కర్ర లేకుండా నడవలేరు.

మనోహర్ గారు షెడ్డుకొచ్చి నలుగురిలో అడిగారు, “ఆయిల్ ఎవరు పోశారండీ?”

“అంకయ్యండి,” అన్నాను.

పడవలవాడికి కార్ల సంగతేం తెలుసని అందరూ ఇట్టే నమ్మారు. అంకయ్య నా మొహంలోకి చూశాడు. చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత తెనాలిలో ఎవరూ అతనికి పని ఇవ్వలేదు. పాడైన కారును నేను కొని బాగుచేసుకుంటే, మంచివాడినని నన్నే మెచ్చుకున్నారు.

5. కాబట్టి షెడ్డు స్థలంలోను, పనిముట్లలోను సగం అంకయ్యకు, సగం రిబ్కాకు చెందవలసినది. సుశీల గారికి ఇవ్వదగ్గది నా దగ్గర ఏదీ లేదు.

6. ఇంతవరకు రాసి, నేను పోయాక చదువుకుంటారులే అనుకున్నాను. అదీ పిరికితనమే. అందుకని ఈ ఉదయం అంకయ్యను, మనోహర్ గారిని, సుశీల గారిని పిలిపించి, నా సంతకానికి ముందే రిబ్కా చేత పైకి చదివించాను. నాలుగో అంశం మధ్యలో రిబ్కా వెనక్కి వెళ్లి ఒక వాక్యాన్ని మళ్లీ చదివింది. చివరిదాకా పూర్తి చేసింది కానీ నా వైపు చూడలేదు. మనోహర్ గారు తల దించుకున్నారు. సుశీల గారు కర్ర పట్టుకుని లేచి, నన్ను దాటుకుని అంకయ్య దగ్గరకు వెళ్లారు.

“ఎనిమిదేళ్లు నిన్ను తిట్టుకున్నాను నాయనా,” అన్నారు.

అంకయ్య ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నా దగ్గరకు వచ్చాడు. “సాక్షి సంతకం నేను పెడతానన్నా.”

సాక్షిగా సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో రాసిన ఆస్తి దక్కదని వకీలు చెప్పిన మాట అతనికి చెప్పాను.

“తెలుసన్నా. నీ షెడ్డు నాకొద్దు. ఆ ఆయిల్ సంగతి నువ్వే రాశావని కింద నా పేరుండాలి,” అన్నాడు.

క్షమించానని అతను అనలేదు. అడిగే మొహం నాకు లేదు. అతను వదులుకున్న భాగం రిబ్కాకే చెందవలసినది. నాలుగో అంశంలో మాత్రం ఒక్క అక్షరం కూడా ఎవరూ కొట్టివేయరాదు.

తెనాలి,
14 నవంబరు 2024

(సంతకం) మేకల దేవదానం

దేవదానం గారు మా కళ్లెదుట సంతకం చేయగా, ఆయన ఎదుట మేము చేసిన సాక్షి సంతకాలు:

1. కొక్కిలిగడ్డ అంకయ్య, ఇంజన్ మెకానిక్, రేపల్లె
2. కట్టా మనోహర్, రిటైర్డ్ హెడ్‌మాస్టరు, బాపట్ల