పనిలో ఉన్న పేరు

వదినా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. మా ఆఫీసు పెద్ద కంప్యూటరుకి కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తున్నాం. అందుకని ముందు పాత లాగిన్లన్నీ తీసెయ్యాలి. అన్నయ్య పోయి రెండేళ్ళయినా, ఇక్కడ పనిచేసినప్పుడు వాడు రాసిన జీతాల ప్రోగ్రాం ఇంకా వాడి పేరు మీదే నడుస్తోంది. "పోయినవాళ్ళ పేర్లు కొత్తదాంట్లోకి రావమ్మా. నీ పేరుకి మార్చుకుని అది తీసెయ్" అన్నాడు మేనేజరు, చావు కబురు చల్లగా చెప్పినట్టు. తీయబోతే, 'ఈ పేరు పనిలో ఉంది, ఆగండి' అని తెర మీద పడింది. అన్నయ్య పని అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత తీసేశాను.

ఇది అమ్మతో అనకు. అమ్మ కళ్ళజోడు మార్పించావా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? పిల్లలకి నా ముద్దులు. అన్నయ్య చొక్కాలు ఎవరికీ ఇవ్వొద్దని నీతో పోట్లాడాను కదా. ఇచ్చెయ్యి వదినా.

నీ ఆడపడుచు